చంద్రపూర్ కోటగోడ వెంట సైకిల్ మీద

కరీంనగర్ నుంచో మంచిర్యాల నుంచో మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌కు చుట్టాలు వస్తే ఊరు చూడటానికి ఆటో మాట్లాడమంటారు. నేను సైకిల్ ఇచ్చి పంపుతాను. గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని, బాబూపేటలో ఉంటాను. నా షెడ్డులో రెండు పాత సైకిళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. గేర్లు అక్కర్లేదు, మా ఊరు చదునే. బ్రేకులు పట్టాలి, గొలుసు తాళం ఉండాలి. ఎండాకాలంలో ట్యూబులో గాలి కాస్త తక్కువే కొట్టండి, నిండుగా కొడితే ఎండకు పేలుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుతుండగా బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా నీడకు చేరాలి. వీలుంటే డిసెంబరులో రండి.

కోటగోడ ద్వారాల్లో ఒకటైన జట్‌పురా గేటు దగ్గర మొదలుపెట్టండి. ఎనిమిది తర్వాత అక్కడ లారీలు, స్కూలు ఆటోలు ఒకే కమానులో దూరాలని చూస్తాయి, సైకిల్‌వాడికి చోటుండదు. పొద్దున్నే అయితే సైకిల్ ఆపి, ఏనుగును తొక్కుతున్న సింహం బొమ్మలు తాపీగా చూడొచ్చు. అది ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన గోండు రాజుల గుర్తు. ఆజాద్ బగీచా కోసం ఆగక్కర్లేదు. వాకింగ్‌వాళ్లకు అది బాగానే ఉంటుంది, పాతదనం కోసం వచ్చినవాళ్లకు అక్కడ పెద్దగా ఏమీ లేదు.

అక్కణ్నుంచి రామాళా తలావుకు వెళ్లండి. గోండుల కాలంనాటి చెరువు, ఒడ్డున బగీచా. గుర్రపుడెక్క పెరిగితే నీళ్లు కనబడవు, అయినా పొద్దున కొంగలుంటాయి. అసలు పని బగడ్ ఖిడికీ దగ్గర. ఊరిచుట్టూ ఉన్న కోటగోడ దాదాపు 11 కిలోమీటర్లు. దానికి నాలుగు పెద్ద ద్వారాలు, అయిదు ఖిడికీలు, అంటే చిన్న దిడ్లు. ఈ గోడ మీద తుమ్మలు మొలిచి మనిషి అడుగుపెట్టలేని రోజులు చూశాను. 2017లో ఎకో-ప్రో అనే ఇక్కడి పర్యావరణ సంస్థ కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి నెలల తరబడి ఆ చెట్లూ చెత్తా తీశారు. సైకిల్ కింద తాళం వేసి, కాసేపు గోడెక్కి నడవండి. టైర్లలో ముల్లు దిగిందేమో చూసుకున్నాకే మళ్లీ ఎక్కండి.

గోడ వెంట దక్షిణానికి తొక్కితే అంచలేశ్వర్ గేటు వస్తుంది. ఉన్న సమయంలో సగం ఇక్కడే పెట్టండి. గోండు రాజుల సమాధులున్న ఆవరణ ఇది. భర్త బీర్‌షా కోసం రాణి హీరాయి కట్టించిన గుమ్మటం అన్నిటికన్నా పెద్దది. నన్నడిగితే ఊళ్లో అసలైన బగీచా ఇదే: నీడ, గడ్డి, రాతి అరుగులు, మాట వినబడేంత నిశ్శబ్దం. పక్కనే అంచలేశ్వరుడి గుడి. చాలామంది దండం పెట్టుకుని వెళ్లిపోతారు. మీరు గోడల మీది చెక్కడం చుట్టూ తిరిగి చూడండి, ఏటవాలు ఎండలో బొమ్మలు తేటగా కనిపిస్తాయి.

ఓపికుంటే లాల్‌పేట విగ్రహాల దాకా తొక్కండి. మనవాళ్లు తప్పక చూడాల్సినవి. రాయప్ప అనే కోమటి పెద్ద గుడి కట్టించాలని వీటిని చెక్కించాడనీ, పని పూర్తికాకముందే పోయాడనీ చెప్పుకుంటారు. పది తలల విగ్రహం ఒక్కటే దాదాపు 25 అడుగులు, నేల మీద వెల్లకిలా ఉంది. కొందరు దుర్గ అంటారు, కొందరు రావణుడంటారు. మా వాడలో ఈ రెండో మాటే ఎక్కువ. నీడ లేదు, నీళ్లు దొరకవు, సీసా నింపుకుని వెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు పోహా, అంటే అటుకుల ఉప్మా తినండి, మీద తర్రీ అనే కారం పులుసు పోయించుకుని. కారం తట్టుకోలేనివాళ్లు ముందే చెప్పాలి, పోశాక బతిమాలితే లాభం లేదు.

చైత్రంలో మహాకాళి యాత్ర జరుగుతుంది. నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ జనం దిగుతారు. ఆ రోజుల్లో మహాకాళి గుడి ఉన్న అంచలేశ్వర్ గేటు వైపు సైకిల్ నడిపించుకుని వెళ్లడం కూడా కష్టమే. అప్పుడొస్తే రామాళా దగ్గరే ఆగి, గోడ చూసి వెనక్కి తిరగండి.