అప్‌డేట్ కొట్టాక సైట్ పాడైతే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం ఎలా?

ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లు, కావలి వైపు కాలేజీలు, ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు, నెల్లూరు బియ్యం వ్యాపారులు. దాదాపు అన్నీ వర్డ్‌ప్రెస్ (సైట్ తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లే. తరచూ వచ్చే ఫోన్ ఒకటే: “అన్నా, ఏదో అప్‌డేట్ అడిగితే కొట్టినాం. సైట్ తెల్లగా వస్తా ఉంది.”

అప్‌డేట్ వల్ల జరిగే నష్టం మామూలుగా చిన్నదే. ఫోన్ చేసేలోపు కంగారులో చేసే రెండు పనుల వల్లే అసలు నష్టం జరుగుతుంది. ఒకటి, అప్‌డేట్ చేసిన ప్లగిన్‌ని (ఫారం, పేమెంట్ లాంటి అదనపు పనులు సైట్‌కి చేర్చే సాఫ్ట్‌వేర్) డిలీట్ చేసి మళ్లీ వేయడం. రెండు, హోస్టింగ్ (సైట్‌ని తమ సర్వర్ మీద ఉంచే కంపెనీ) ప్యానెల్‌లోకి వెళ్లి నిన్నటి బ్యాకప్ మొత్తాన్ని రీస్టోర్ చేయడం. దయచేసి ఈ రెండూ చేయకండి.

వర్డ్‌ప్రెస్ సైట్‌లో రెండు భాగాలుంటాయి. ప్లగిన్లు, థీమ్‌ల (సైట్ రూపాన్ని ఇచ్చేవి) కోడ్ ఫైళ్లలో ఉంటుంది. పేజీలు, ఆర్డర్లు, సెట్టింగ్‌లు, కస్టమర్ల వివరాలు డేటాబేస్‌లో ఉంటాయి. అప్‌డేట్ మార్చేది ముఖ్యంగా ఫైళ్లని. వెనక్కి తీసుకెళ్లాల్సింది కూడా ఆ ఫైళ్లనే, అదీ గొడవ చేస్తున్న ఆ ఒక్క ప్లగిన్‌వో థీమ్‌వో మాత్రమే. తప్పనిసరైతే తప్ప డేటాబేస్ జోలికి వెళ్లకూడదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పాస్‌వర్డ్, హోస్టింగ్ ప్యానెల్ (సీప్యానెల్) పాస్‌వర్డ్, ఒక ల్యాప్‌టాప్. ఫోన్‌లో ఈ పని చేయకూడదు. సైట్ చేసిచ్చిన కుర్రాడి దగ్గరే హోస్టింగ్ పాస్‌వర్డ్ ఉండిపోయిందంటే, సైట్ బాగున్న రోజే అడిగి తీసుకోండి. పడిపోయిన రోజు ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు.

పాడుచేసింది ఏదో తేల్చుకోవడం

ముందు క్యాష్ (త్వరగా చూపించడానికి దాచుకున్న పాత పేజీల కాపీ) క్లియర్ చేసి చూడండి. మెనూ పక్కకు జరిగింది, రంగులు పోయాయి లాంటి ఫిర్యాదుల్లో చాలా భాగం అక్కడితో తీరిపోతాయి.

సైట్ అసలు తెరుచుకోకపోతే అడ్మిన్ ఈమెయిల్ చూడండి. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి, ప్లగిన్ వల్లో థీమ్ వల్లో సైట్ ఆగిపోతే వర్డ్‌ప్రెస్ తానే ఒక మెయిల్ పంపుతుంది. అందులో ఏ ప్లగిన్ దగ్గర ఆగిందో పేరుంటుంది, రికవరీ మోడ్‌లో లోపలికి వెళ్లే లింకు కూడా ఉంటుంది. మెయిల్ రాలేదంటే సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో డబ్ల్యూపీ-కంటెంట్, దాని లోపల ప్లగిన్స్ ఫోల్డర్ తెరవండి. పైన లాస్ట్ మాడిఫైడ్ అనే వరుస మీద ఒక్కసారి నొక్కితే ఫోల్డర్లు తేదీల ప్రకారం సర్దుకుంటాయి. ఇవాళ్టి తేదీ, టైమ్ ఉన్న ఫోల్డరే ఇప్పుడు అప్‌డేట్ అయింది. అనుమానం ముందు దాని మీదే పెట్టుకోండి. ప్లగిన్స్ ఫోల్డర్ మొత్తానికి పేరు మార్చేసి అన్నిటినీ ఒకేసారి ఆపమని చాలామంది చెబుతారు. నేనైతే ఒప్పుకోను. అలా చేస్తే మళ్లీ ఒక్కొక్కటీ ఆన్ చేసుకుంటూ రావాలి, ఈలోగా సైట్ ఇంకో రకంగా కనిపించి టెన్షన్ పెరుగుతుంది.

మెయింటెనెన్స్ జరుగుతోందన్న ఒక్క లైను దగ్గరే సైట్ ఆగిపోతే, అది అప్‌డేట్ మధ్యలో తెగిపోయిన గుర్తు. ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో దాగిన ఫైళ్లు కనిపించేలా టిక్ పెట్టి, మెయిన్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మెయింటెనెన్స్ ఫైల్‌ని తీసేయండి. పేజీ మళ్లీ లోడ్ చేయండి.

ఇప్పుడు వర్డ్‌ప్రెస్ తానే వెనక్కి వెళ్తుంది కదా, ఈ తతంగం దేనికని కొందరు అడుగుతారు. 2023లో వచ్చిన 6.3 నుంచి, మనం నొక్కిన అప్‌డేట్ మధ్యలో ఫెయిలైతే పాతది తిరిగి వచ్చేస్తుంది. 2024లో వచ్చిన 6.6 నుంచి, ఆటో అప్‌డేట్ అయిన ప్లగిన్ వల్ల సైట్ ఆగిపోయేంత ఎర్రర్ వస్తే అది కూడా వెనక్కి వెళ్తుంది. మంచి ఏర్పాటే. కానీ పేమెంట్ బటన్ పనిచేయకపోయినా, ఎంక్వయిరీ ఫారం మెయిల్ పంపకపోయినా వర్డ్‌ప్రెస్ దృష్టిలో సైట్ బాగున్నట్టే. మన దగ్గర వ్యాపారాన్ని దెబ్బతీసేవి ఎక్కువగా ఇవే.

పాత వెర్షన్ జిప్ ఫైల్ తెచ్చుకోవడం

వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో ఆ ప్లగిన్ పేజీకి వెళ్లి అడ్వాన్స్‌డ్ వ్యూ నొక్కండి. అట్టడుగున ప్రీవియస్ వెర్షన్స్ అని ఉంటుంది. ఇప్పుడున్న దానికి ముందు మీ సైట్‌లో ఏది నడిచిందో అదే ఎంచుకోండి. ఎందుకైనా మంచిదని ఇంకా వెనక్కి పోవద్దు. థీమ్‌లకు ఈ సదుపాయం లేదు. డౌన్‌లోడ్ లింకు చివర ఉన్న వెర్షన్ నంబర్‌ని పాత నంబర్‌గా మారిస్తే పాత జిప్ దిగుతుంది.

డబ్బు పెట్టి కొన్నవైతే అమ్మినవాళ్ల దగ్గర మీ అకౌంట్‌లోంచే తీసుకోవాలి. కొన్నిచోట్ల తాజా వెర్షన్ తప్ప పాతది ఇవ్వరు. అందుకే కొన్న ప్రతి జిప్‌నీ తేదీ వేసి ల్యాప్‌టాప్‌లో దాచుకోవాలి. గూగుల్‌లో ఫ్రీ డౌన్‌లోడ్ అని వెతికి తెచ్చిన జిప్‌ని సైట్‌లో పెట్టవద్దు. అందులో వేరేవాళ్లు సైట్‌లోకి దూరే దారి పెట్టి ఉండవచ్చు.

పాతది పెట్టడం: ఇక్కడే నిదానం కావాలి

అందరూ తడబడేది ఇక్కడే. డ్యాష్‌బోర్డ్ తెరుచుకుంటోందా లేదా అన్నదాన్నిబట్టి దారి మారుతుంది. ఏ దారిలో వెళ్లినా ముందు సీప్యానెల్‌లో డేటాబేస్‌ని చూపించే పీహెచ్‌పీ మై అడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఇవాళ్టి డేటాబేస్‌ని ల్యాప్‌టాప్‌లోకి దింపుకోండి. ఇది వాడటానికి కాదు, భద్రం కోసం.

డ్యాష్‌బోర్డ్ తెరుచుకుంటే ప్లగిన్స్, యాడ్ న్యూ, అప్‌లోడ్ ప్లగిన్ అని వెళ్లి పాత జిప్ ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కండి. ఈ ప్లగిన్ ఇప్పటికే ఉందంటూ ఒక పట్టిక వస్తుంది. ఒకవైపు ఇప్పుడున్న వెర్షన్, ఇంకోవైపు మీరు ఎక్కించిన వెర్షన్. పాతది ఎక్కిస్తున్నారని హెచ్చరిక కూడా కనిపిస్తుంది. రెండు నంబర్లూ చదివి, సరిగ్గా ఉన్నాయనుకున్నాకే రీప్లేస్ కరెంట్ విత్ అప్‌లోడెడ్ అన్న బటన్ నొక్కండి. 2020లో వచ్చిన 5.5 నుంచి ఈ సదుపాయం ఉంది. థీమ్‌లకూ ఇదే పద్ధతి. ఆ పట్టిక రాకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయిపోయిందంటే, జిప్ లోపలి ఫోల్డర్ పేరు వేరుగా ఉందన్నమాట. అంటే పాతదాని పక్కన ఇంకోటి చేరింది. దాన్ని యాక్టివేట్ చేయకుండా అక్కడే ఆగండి.

ఇక డిలీట్ బటన్ సంగతి. డీయాక్టివేట్ చేస్తే ప్లగిన్ ఆగుతుంది, డేటా ఉంటుంది. డిలీట్ నొక్కితే మాత్రం చాలా ప్లగిన్లు తమతో పాటు తమ డేటాను కూడా డేటాబేస్ నుంచి తుడిచేస్తాయి. అలా చేయాలనే వాటిలో ఒక అన్‌ఇన్‌స్టాల్ ఫైల్ రాసి ఉంటుంది. కాంటాక్ట్ ఫారం 7ని డిలీట్ చేస్తే మీరు తయారుచేసుకున్న ఫారాలన్నీ పోతాయి. పాత వెర్షన్ మళ్లీ వేసినా అవి తిరిగి రావు. షాపు నడిపే వూకామర్స్ ప్లగిన్ జాగ్రత్తగా ఉంటుంది, ప్రత్యేకంగా సెట్ చేస్తే తప్ప ఆర్డర్లను ముట్టుకోదు. ఏ ప్లగిన్ ఎలా ప్రవర్తిస్తుందో బయటి నుంచి చూసి చెప్పలేం. కాబట్టి వెర్షన్ మార్చడానికి డిలీట్ వాడకూడదు, ఏ ప్లగిన్ విషయంలోనూ.

డ్యాష్‌బోర్డ్ తెరుచుకోకపోతే ఫైల్ మేనేజర్ దారి. ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్లు ఒక్కొక్కటిగా ఎక్కించే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ వద్దు. మన ఇంటర్నెట్ మధ్యలో తెగితే సగం ఫైళ్లు ఎక్కి, సగం ఎక్కకుండా ఆగుతాయి. జిప్ ఒక్కటే ఎక్కించి సర్వర్ మీదే విప్పుకోవడం మేలు. పాడైన ప్లగిన్ ఫోల్డర్‌ని ప్లగిన్స్ ఫోల్డర్ నుంచి బయటికి, అంటే డబ్ల్యూపీ-కంటెంట్‌లోకి మూవ్ చేయండి. తర్వాత పాత జిప్‌ని ప్లగిన్స్‌లోకి ఎక్కించి ఎక్స్‌ట్రాక్ట్ నొక్కండి. ఫోల్డర్ పేరు అక్షరం తేడా లేకుండా మునుపటిలాగే ఉందో లేదో చూడండి. డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి ప్లగిన్ ఆగి ఉంటే యాక్టివేట్ చేయండి.

బయటికి మూవ్ చేయమన్నదానికి కారణం ఉంది. ఎక్కువమంది అక్కడే ఫోల్డర్ పేరు చివర ఓల్డ్ అని చేర్చి వదిలేస్తారు. సైట్ లేస్తుంది, బాగానే ఉంటుంది. కానీ ప్లగిన్ల లిస్టులో ఒకే పేరుతో రెండు కనిపిస్తాయి. కొన్నాళ్లకు ఎవరో చూసి, వాడనిది ఎందుకని ఆ ఓల్డ్‌ని డ్యాష్‌బోర్డ్‌లోంచి డిలీట్ చేస్తారు. ఆ ప్లగిన్ అన్‌ఇన్‌స్టాల్ ఫైల్ అప్పుడు నడుస్తుంది. డేటాబేస్‌లో డేటా ఒక్కటే కాబట్టి, నడుస్తున్న ప్లగిన్ డేటా కూడా దాంతో పోవచ్చు. బయట పెట్టిన ఫోల్డర్ అయితే ఆ లిస్టులో కనిపించదు. సైట్ కుదుటపడ్డాక ఫైల్ మేనేజర్‌లోంచే తీసేయవచ్చు.

ఇప్పుడు డేటాబేస్. షాపు ప్లగిన్లు పెద్ద అప్‌డేట్ తర్వాత డేటాబేస్ అప్‌డేట్ చేయాలని ఒక బటన్ చూపిస్తాయి. ఆ బటన్ ఇంకా నొక్కకపోతే ఫైళ్లు వెనక్కి మార్చుకుంటే మామూలుగా సరిపోతుంది. నొక్కేసి ఉంటే, లేక అదే జరిగిపోయి ఉంటే, కొత్త పద్ధతిలో సర్దిన డేటాని పాత కోడ్ చదవలేకపోవచ్చు. వెర్షన్ నంబర్‌లో చివరి అంకె మాత్రమే మారితే నేను ధైర్యంగా వెనక్కి వెళ్తాను. మొదటి అంకె మారిందంటే ముందు చేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏం మార్చారో రాసిన జాబితా) తెరిచి డేటాబేస్, మైగ్రేషన్ అన్న మాటల కోసం వెతుకుతాను. అవి కనిపిస్తే అసలు సైట్ మీద చేయి పెట్టను. స్టేజింగ్ కాపీ (పరీక్షించుకోవడానికి సైట్‌కి విడిగా తీసిన నకలు) తీసి, అందులో పాత వెర్షన్ పెట్టి, ఆర్డర్ల పేజీ తెరిచి చూశాకే అసలు దాంట్లో చేస్తాను.

హోస్టింగ్ వాళ్ల వన్ క్లిక్ రీస్టోర్ వద్దనడానికి ఒక్క ఉదాహరణ చాలు. చెక్క గరిటెలు అమ్మే ఒక షాపులో పేమెంట్ ప్లగిన్ అప్‌డేట్ అయ్యాక కొన్ని బ్యాంకుల కార్డులు పనిచేయలేదు. ఫోన్‌లో హోస్టింగ్ సపోర్ట్ వాళ్లు చెప్పారని ముందు రోజు బ్యాకప్ మొత్తం రీస్టోర్ చేసేశారు. పేమెంట్ బాగుపడింది. ఆ రోజంతా వచ్చిన ఆర్డర్లు మాయమయ్యాయి. డబ్బులు మాత్రం బ్యాంకులో జమయ్యాయి. ఎవరికి ఏ సెట్టు పంపాలో ఎక్కడా లేదు. పేమెంట్ గేట్‌వే డ్యాష్‌బోర్డ్ తెరిచి, మొత్తాలు, ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి “మీరేం ఆర్డర్ పెట్టారు సార్” అని అడగాల్సి వచ్చింది. ఆ ఒక్క ప్లగిన్ ఫోల్డర్ మార్చి ఉంటే పది నిమిషాల పని.

డేటాబేస్‌ని వెనక్కి తీసుకెళ్లక తప్పని పరిస్థితి నిజంగా వస్తే, ముందు సైట్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టి కొత్త ఆర్డర్లు ఆపండి. బ్యాకప్ తర్వాత వచ్చిన ఆర్డర్లని షీట్‌లోకి దింపుకోండి, గేట్‌వే లెక్కతో సరిచూసుకోండి. ఆ తర్వాతే రీస్టోర్. పోయిన ఆర్డర్లు చేత్తో మళ్లీ ఎక్కించాక సైట్ తెరవండి.

రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) కోసం విడిగా ప్లగిన్లు ఉన్నాయి. అవి డ్యాష్‌బోర్డ్ తెరుచుకున్నప్పుడే ఉపయోగం. తెరుచుకుంటే పైన చెప్పిన అప్‌లోడ్ దారి ఎలాగూ ఉంది కాబట్టి ఇంకో ప్లగిన్ భారం దేనికి? పేజీలు డిజైన్ చేసే ఎలిమెంటర్ ప్లగిన్ సంగతి వేరు. దాని టూల్స్‌లోనే వెర్షన్ కంట్రోల్ ఉంటుంది, అది వాడుకోండి.

థీమ్ అయితే

పద్ధతి అదే, కానీ ఒక తేడా ఉంది. గ్రానైట్ సైట్లలో తరచూ చూస్తుంటాను. డెవలపర్ వాట్సాప్ బటన్ కోడ్‌ని నేరుగా థీమ్ ఫుటర్ ఫైల్‌లో రాసేసి ఉంటాడు. థీమ్ అప్‌డేట్ కాగానే ఆ ఫైల్ కొత్తదవుతుంది, బటన్ పోతుంది. కంపెనీ ఇచ్చిన పాత జిప్ పెట్టినా ఆ బటన్ రాదు, ఎందుకంటే అది కంపెనీ రాసిన కోడ్ కాదు. ఇలాంటప్పుడు మీ బ్యాకప్‌లో ఉన్న థీమ్ ఫోల్డరే కావాలి. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి బ్యాకప్ ప్లగిన్లు, సైట్‌లోని ప్లగిన్లు, థీమ్‌లు, అప్‌లోడ్లు, డేటాబేస్ అని విడివిడిగా బ్యాకప్ తీస్తాయి. రీస్టోర్‌లో థీమ్స్ ఒక్కదానికే టిక్ పెట్టండి. బటన్ తిరిగి వచ్చాక ఆ కోడ్‌ని చైల్డ్ థీమ్‌లోకి (అసలు థీమ్ అప్‌డేట్ అయినా మారని, మన మార్పులు పెట్టుకునే విడి థీమ్) మార్చించండి. రంగులు, లోగో లాంటి కస్టమైజర్ సెట్టింగ్‌లు డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి వాటి గురించి భయం లేదు.

పెట్టాక చూసుకోవాల్సినవి

క్యాష్ మళ్లీ క్లియర్ చేయండి. వైఫై ఆపి, మొబైల్ డేటాలో ఇన్‌కాగ్నిటో విండోలో సైట్ తెరవండి. షాపు అయితే 1 రూపాయి వస్తువు ఒకటి పెట్టి యూపీఐతో కొని చూడండి. ఫారం అయితే నింపి పంపి, మెయిల్ వచ్చిందాకా ఆగండి. ఆ ప్లగిన్‌కి ఆటో అప్‌డేట్ ఆపేయండి, లేకపోతే ఈ రాత్రికే కొత్తది మళ్లీ ఎక్కుతుంది.

తర్వాత చేంజ్‌లాగ్‌లో సెక్యూరిటీ అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే పాత వెర్షన్‌తో కొన్నాళ్లు నడపవచ్చు. గొడవ చేసిన వెర్షన్ తర్వాతిది వచ్చాక మంగళవారమో బుధవారమో ఉదయం పదింటికి వేసుకోండి. ఏదైనా తేడా వస్తే హోస్టింగ్ సపోర్టూ, ప్లగిన్ తయారుచేసినవాళ్లూ పనిలో ఉంటారు. శనివారం సాయంత్రం అప్‌డేట్లు ముట్టుకోకూడదు. సెక్యూరిటీ లోపం సరిచేసిన అప్‌డేట్ అయితే మాత్రం పాతదాంట్లో ఉండిపోకూడదు. ఆ లోపం అప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంటుంది, పాత వెర్షన్ ఉన్న సైట్ల కోసం వెతికేవాళ్లుంటారు. అప్పుడు ఆ ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేసి, ఫారం ఉన్నచోట ఫోన్ నంబర్ పెట్టి, సరైన వెర్షన్ వచ్చేదాకా అలాగే నడపండి.