యాభై కుర్చీల పాటల గది

సొంతంగా పాటలు కట్టి పాడేవాళ్ల కోసం రాజమండ్రిలోనో అమలాపురంలోనో చిన్న వేదిక పెట్టాలంటే ముందు స్పీకర్లు కాదు, గది చూసుకోవాలి. ఇరవై అడుగులకు ముప్పై అడుగులుంటే యాభై మంది సర్దుకుంటారు. రేకుల షెడ్డు మాత్రం వద్దు, వాన పడితే ఇక పాట వినపడదు.

స్లాబు గదిలో టైల్స్ నేల, నున్నటి గోడలు కలిసి మోత పుట్టిస్తాయి. మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. అది గణగణమని సాగితే సాహిత్యం కలగాపులగమైనట్టే. ఈ పాటలకు ప్రాణం మాటలే కదా. కోడిగుడ్డు అట్టలు అంటిస్తే ఒరిగేదేమీ లేదు. పీచు చాపలు పల్చన, సన్నటి శబ్దాలనే పీల్చుకుంటాయి. బూరుగు దూది పరుపులు బాగానే పనిచేస్తాయి గానీ నిప్పురవ్వ పడితే ఇట్టే అంటుకుంటాయి. రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, నిప్పంటుకోని) పలకలకు గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా బిగించండి. పాడేవారి వెనక గోడతో మొదలుపెట్టి, ఎదురు గోడకు వెళ్లండి.

శ్రోతల వైపు స్పీకర్లు మైకు కన్నా ముందుండాలి, లేకపోతే వాటి శబ్దం మళ్లీ మైకులోకి చేరి కూత తప్పదు. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మానిటర్‌ను, అంటే పాడేవారు తమ గొంతు తాము వినే స్పీకర్‌ను, సరిగ్గా దాని వెనకే పెట్టండి. గాత్రానికి మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దిగువన ఉండే మంద్ర శబ్దాన్ని కోసేయండి. గిటార్ బొయ్యిమని ఊగితే తప్పు సాధారణంగా 100–200 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. అక్కడ కాస్త తగ్గించి, సౌండ్‌హోల్‌కు (గిటార్ పొట్ట మీది గుండ్రటి రంధ్రానికి) రబ్బరు మూత పెడితే చాలావరకు అణుగుతుంది.

స్పీకర్లలో సన్నగా జుమ్మని వినిపిస్తే మిక్సర్, ఆంప్ (యాంప్లిఫయర్) రెండూ ఒకే స్విచ్ బోర్డుకు తగిలించి చూడండి. ఎర్త్ పిన్ పీకేస్తే జుమ్మనడం పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కరెంటు పోయినప్పటికి సైన్ వేవ్ ఇన్వర్టరే పెట్టుకోండి, చవకవి బుర్రుమంటాయి.

మన డెల్టా తేమలో గిటార్ చెక్క ఉబ్బుతుంది. దానికి 45–55 శాతం తేమ సరిపోతుంది. ఏసీ గంట ముందే వేసి, పెట్టె తెరిచి అరగంట ఆగాకే శ్రుతి చేయాలి. లేదంటే చల్లబడ్డ తీగలు బిగిసి, శ్రుతి పైకి జారుతుంది. ఫ్యాను గాలి మైకులోకి కొట్టకూడదు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటాక మూసిన హాలుకు మినహాయింపు ఉన్నా, గోడకవతల ఇల్లుంటే తొమ్మిదిన్నరకే ముగించండి. సినిమా పాటలు పాడితే లైసెన్సు సంగతి వేరుగా చూసుకోవాలి.

టీ, బజ్జీలు విరామంలోనే. పల్లవి మధ్యలో బాణలి చుయ్‌మంటే ఏ మిక్సరూ దాన్ని తగ్గించలేదు.