ఓరుగల్లులో ఇల్లు అమ్మే ముందు దేనికి ఖర్చు పెట్టాలి, ఏ మొక్క ఎక్కడ పెట్టాలి?

ఇల్లు అమ్మకానికి పెడదామనుకోగానే చాలామంది ముందు పెయింటర్‌కి ఫోన్ చేస్తారు. అంతకంటే ముందు ఒక కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్... ఎక్కడైనా సొంత జాగలో కట్టిన ఇంటి ధరలో పెద్ద వాటా జాగదే. జాగ విలువ పెరుగుతూ పోతుంది, దాని మీదున్న కట్టడం ఏటేటా పాతబడుతుంది. అందుకే లక్ష పెడితే రెండు లక్షలు వస్తాయన్న ఆశతో పని మొదలుపెట్టొద్దు. కొనేవాళ్లకు బేరమాడటానికి సాకు దొరక్కుండా చేసే ఖర్చే తిరిగొస్తుంది.

ముందు వాల్యుయర్ లెక్క

లెక్క అర్థం కావడానికి అంకెలు అనుకుందాం. 200 గజాల జాగ, గజం 30 వేలు. అందులో 15 ఏళ్ల కిందట కట్టిన 1,200 చదరపు అడుగుల ఇల్లు. ఈరోజు అలాంటిదే కట్టాలంటే అడుగుకు 1,800 రూపాయలు. జాగకు 60 లక్షలు, కొత్త కట్టడానికి 21.6 లక్షలు. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు, చివరికి మిగిలే విలువ 10 శాతం అని పట్టుకుంటే, 15 ఏళ్లకు తరుగు మిగతా 90 శాతంలో నాలుగో వంతు, అంటే 22.5 శాతం. అంటే కట్టడానికి 16.74 లక్షలు మిగులుతాయి. మొత్తం 76.74 లక్షలు.

కొనేవాళ్లు లోన్‌కి వెళ్తే బ్యాంకు పంపే వాల్యుయర్, అంటే ఇంటికి విలువ కట్టే నిపుణుడు, దాదాపు ఇదే దారిలో లెక్క వేస్తాడు. ఆ రిపోర్టులో గులాబీ మొక్కలకు గడి ఉండదు. ఫాల్ సీలింగ్ ఉన్నా దానికి వేసేది చిన్న మొత్తమే. రిపోర్టులో రాని డబ్బు కొనేవాళ్లు తమ జేబులోంచి తీయాలి, కాబట్టి అక్కడ గట్టిగా బేరం చేస్తారు. మీ గల్లీలో ఈ మధ్య అమ్ముడైన రెండు మూడు ఇళ్ల ధరలు కనుక్కోండి. బ్రోకర్ చెప్పేది సగం నమ్మండి, అమ్మినవాళ్లను అడిగితే ఇంకా మంచిది. ఆ ధరను మించి మీ ఇంటిని అలంకరించడం దండగ.

నీళ్ల పని అన్నిటికంటే ముందు

ఇల్లు చూడ్డానికి వచ్చే గుంపులో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటాడు. ఆయన హాల్లో షోకేసు వైపు కన్నెత్తి చూడడు. నేరుగా బాత్రూం వెనక గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనిస్తాడు. గోటితో లప్పం గీకుతాడు. పొడి రాలిందంటే బేరం అక్కడే మొదలైనట్టు. తర్వాత సంపు మూత ఎత్తమంటాడు, డాబా ఎక్కి వాన నీళ్లు పోయే గొట్టం చూస్తాడు. మీరు కూడా అదే దారిలో ఒక చుట్టు తిరగండి, అదీ మంచి వాన పడుతున్నప్పుడు. స్లాబ్ మీద నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ మూల చెమ్మ దిగుతోందో అప్పుడే తెలుస్తుంది.

చెమ్మ మీద రంగు వేయించడం అంత పనికిరాని ఖర్చు ఇంకోటి లేదు. నాలుగు నెలల్లో పెచ్చులు లేచి, దాచిపెట్టారన్న అనుమానం కూడా మిగిలిస్తుంది. ముందు కారణం పట్టుకోండి: బాత్రూం టైల్స్ మధ్య సందులా, పైపు జాయింటా, పిట్టగోడ మొదలా? వాటర్‌ప్రూఫింగ్ ఎండాకాలంలోనే చేయించాలి, స్లాబ్ పూర్తిగా ఆరి ఉంటుంది. ఆ పనితోపాటే డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్‌రూఫ్ పెయింట్ కూడా వేయించండి. మన ఎండలకు పై గదిలో తేడా చెయ్యి పెడితే తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో 600 గజాల లోపు ఇళ్లకు ఇది తప్పనిసరి కాదు, ఇష్టం మీదే. అయినా ఖర్చుకు తగిన పనే.

ఇక వరద సంగతి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హంటర్ రోడ్, నయీంనగర్ నాలా చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అప్పటినుంచి వరంగల్‌లో ఇల్లు కొనేవాళ్ల మొదటి ప్రశ్న ‘ఇక్కడ నీళ్లొస్తాయా?’ అన్నదే. అబద్ధం చెప్పొద్దు, పక్కింటివాళ్లు ఎలాగూ చెప్తారు. రోడ్డు మట్టం నుంచి మీ గడప ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి పెట్టుకోండి. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోసుకుంటూ పోతే ఇల్లు కిందికి దిగిపోయినట్టు అవుతుంది. అలాంటి చోట గేటు దగ్గర ఎత్తు పెంచి, మోరీ వైపు వాలు సరిచేసి, ఇంకుడు గుంత తీయించండి. ఎలివేషన్‌కి, అంటే ఇంటి ముందు భాగం హంగుకు, పెట్టే డబ్బు దీనికి పెడితే చూసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

తోట: మృగశిరకు నాటి, దసరాకు చూపించండి

రిపోర్టులో గడి లేకపోయినా తోట వేరే చోట పనిచేస్తుంది. గేటు తీయగానే నీడ తగిలితే మనిషి నిదానంగా నడుస్తాడు, ఇల్లంతా తిరిగి చూస్తాడు. ఇల్లు త్వరగా అమ్ముడవడం కూడా డబ్బే. అయితే 200 గజాల జాగలో తోట అంటే ప్రహరీ వెంట మూడడుగుల పట్టీ, వాకిట్లో నాలుగు కుండీలు. అంతకు మించి ఆశపడొద్దు.

మొదట నేల చూడండి. ఎర్ర చెల్క అయితే నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, పశువుల ఎరువు బాగా కలపాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అందుకని పునాదిని ఆనుకుని మళ్లు కట్టి రోజూ నీళ్లు పెట్టడం మంచిది కాదు, గోడలకు పగుళ్లు రావచ్చు.

మామిడి లాంటి పెద్ద చెట్టుకు పునాది నుంచి కనీసం పదిహేను అడుగులు వదలాలి. చిన్న జాగలో అది కుదరదు. కరివేపాకు, నిమ్మ, నందివర్ధనం, మల్లె చాలు. జామ, బొప్పాయి పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట: మన దగ్గర కోతుల సంగతి తెలిసిందే. కాయ పండకముందే గుంపు దిగుతుంది, ట్యాంకు మూత కూడా లాగి పడేస్తుంది. కాసే చెట్టు చూసి మురిసే కొనుగోలుదారు ఒక్కడైతే, ‘కోతులు వస్తాయేమో’ అని వెనక్కి తగ్గేవాళ్లు ముగ్గురుంటారు.

వాస్తు మీకు పట్టింపు లేకపోయినా కొనేవాళ్లకు ఉంటుంది. ఈశాన్యంలో బరువైన చెట్లు వద్దు, అక్కడ తులసి కోట చాలు. ఎత్తుగా పెరిగేవి పడమర, దక్షిణం వైపు పెట్టండి. సాయంత్రపు ఎండ గోడకు తగలదు కాబట్టి వాస్తు నమ్మనివాళ్లకూ లాభమే.

పిట్టగోడ సందుల్లో పక్షులు వేసిన గింజల నుంచి రావి, మర్రి మొలుస్తాయి. పైకి కనపడింది తుంచితే మళ్లీ వస్తుంది. వేరుతో లాగేసి, ఆ సందును సిమెంటుతో పూడ్చాలి. పెరిగిన చెట్టు అడ్డంగా ఉందని ఇష్టమొచ్చినట్టు కొట్టేయకండి, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద చాలా చెట్లకు ముందు అనుమతి కావాలి.

మిద్దె తోట చాలామందికి ఇష్టం. కానీ ఒక ఘనపు అడుగు తడి మట్టి దాదాపు 50 కిలోలు తూగుతుంది. చదరపు మీటరు మేర అడుగు లోతు మట్టి పోస్తే 500 కిలోలు దాటుతుంది. నడవడానికి వీలున్న మామూలు డాబాకు ఇంజనీర్లు పట్టే లెక్క చదరపు మీటరుకు 150 కిలోల చుట్టూ ఉంటుంది. అందుకే మళ్లు కట్టించకుండా గ్రో బ్యాగులు వాడండి, వాటిని గోడల మీదుగా, బీముల వెంట సర్దండి, కింద స్టాండ్లు పెట్టండి. చెమ్మ మచ్చ ఒకటి కనపడితే మిద్దె తోట మొత్తం మీకు ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు వేళ. జూన్‌లో మృగశిర కార్తెకు వానలు పడగానే నాటితే నీళ్లు మోసే బాధ తగ్గుతుంది. ఆషాఢంలో ఎలాగూ ఇళ్ల బేరాలు మందంగా ఉంటాయి, ఆ సమయంలో మొక్కలు కుదురుకుంటాయి. జూలై చివర్లో బంతి నారు పోస్తే బతుకమ్మ నాటికి వాకిలి నిండుగా ఉంటుంది. ఇల్లు చూడమని పిలవడానికి అంతకంటే మంచి వారం దొరకదు.

లోపల ఏది చాలు, ఏది ఎక్కువ

వంటింట్లో ప్లాట్‌ఫారం, సింకు, చిమ్నీ దగ్గర జిడ్డు చూసుకోండి. మాడ్యులర్ కిచెన్ కొత్తగా పెట్టించొద్దు, కొనే ఇల్లాలికి ఆ రంగు నచ్చకపోవచ్చు. బాత్రూంలో కారే నల్లాలు మార్చండి, తలుపు కింద కుళ్లిన చెక్క తీసేయండి. కరెంటు బోర్డులు, ఎర్తింగ్ ఒకసారి చూపించండి. రంగులు లేతవి, చివర్లో. ఇంతే.

నిట్ కాలేజీ వైపు, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) వైపు ఉన్న ఇళ్ల లెక్క కొంచెం వేరు. అక్కడ కొనేవాళ్లు కిరాయి చూసుకుంటారు. పై పోర్షన్‌కు విడిగా మెట్లు, విడిగా మీటరు, విడిగా బాత్రూం ఉంటే అది నెలనెలా వచ్చే ఆదాయం కిందే లెక్క. కానీ ప్లాన్‌లో లేని గది వేస్తే వాల్యుయర్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, లోన్ కూడా ఆగవచ్చు. అనుమతి తీసుకునే కట్టండి.

సోలార్ ఆలోచన ఉంటే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేలు సబ్సిడీ ఉంది. రెండు నెలల్లో అమ్మేసేవాళ్లకు ఇది అక్కర్లేదు. నాలుగైదేళ్లు ఉండి అమ్మేవాళ్లకు బాగుంటుంది, తగ్గిన కరెంటు బిల్లులు తీసి చూపించొచ్చు.

బిల్లులు, కాగితాలు

కొన్న 24 నెలల తర్వాత అమ్మితే వచ్చే లాభం దీర్ఘకాలిక మూలధన లాభం కిందికి వస్తుంది. 2024 జూలై 23 నుంచి దాని మీద పన్ను 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపడం) లేకుండా. అంతకు ముందు కొన్న ఇల్లయితే, ఇక్కడ నివసించే వ్యక్తులకు ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. కొత్త గది, బోరు, ప్రహరీ లాంటి వాటి ఖర్చును లాభంలోంచి తీసేయొచ్చు. రంగులు, చిన్న రిపేర్లు అందులోకి రావు. మేస్త్రీకి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి మర్చిపోతే ఆ ఖర్చు రుజువు చేయలేరు. బ్యాంకు ద్వారా ఇచ్చి, రశీదు తీసుకోండి.

లింక్ డాక్యుమెంట్లు (పాత రిజిస్ట్రేషన్ కాగితాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఇంటి పన్ను రశీదు, నల్లా బిల్లు, కట్టడం అనుమతి, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఔట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ) అవసరమైతే ఆ కాగితం... అన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు ఇచ్చిన వారంటీ కూడా అందులోనే.

బయానా తీసుకునే రోజు ఇంకో విషయం తేల్చుకోండి: కుండీలు ఎవరివి? నేలలో నాటినవి ఇంటితోపాటే పోతాయి. కుండీల్లో ఉన్నవి, గ్రో బ్యాగులు, డ్రిప్ పైపులు మీరు తీసుకుపోయేట్టయితే అగ్రిమెంట్‌లోనే ఒక లైన్ రాయించండి. తీసుకుపోయేవాటిని ఇల్లు చూపించే ముందే పక్కకు సర్దండి.