పంట సలహాదారులు ఏ క్లాసుకు వెళ్లాలి?

సర్టిఫైడ్ క్రాప్ అడ్వైజర్ గుర్తింపు నిలబెట్టుకోవాలంటే రెండేళ్లలో 40 సీఈయూలు, అంటే క్లాసులకు వెళ్లి సంపాదించే పాయింట్లు, కావాలి. యాభై నిమిషాల క్లాసుకు ఒకటి లెక్క. గడువు ముంచుకొచ్చాక టెన్షన్‌తో దొరికిన వెబినారల్లా పెట్టుకుని కూర్చునేవాళ్లు మనలో తక్కువేమీ కాదు. పాయింట్లు వస్తాయి. రైతు ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం నీళ్లు నమలాల్సిందే.

నేను జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుంటాను. పొలంలో గట్టిగా జవాబు చెప్పలేని ప్రశ్న ఎదురైతే, రైతు అడిగిన మాటల్లోనే రాసేస్తాను. సీజన్ అయ్యాక ఆ ప్రశ్నలను పోషకాలు, నేల-నీరు, చీడపీడలు, పంట యాజమాన్యం అని విడదీస్తే ఏ వైపు బలహీనంగా ఉన్నానో తెలిసిపోతుంది. క్లాసులు అటువైపే వెతకండి. బాగా తెలిసిన సబ్జెక్టులో కూర్చుంటే హాయిగానే ఉంటుంది, కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

పొలంలోకి తీసుకెళ్లే శిక్షణ దొరికితే వదలకండి. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం, లేత ఆకులైతే గంధకం అని స్లైడ్ మీద చూపిస్తారు. నత్రజని మొక్కలో పాత ఆకుల నుంచి కొత్త ఆకులకు కదులుతుంది, గంధకం అంత సులువుగా కదలదు. నిజమే. కానీ నీళ్లు నిలిచి వేళ్లకు గాలి అందకపోయినా కింది ఆకులు పసుపెక్కుతాయి. మొక్కను పెకలించి వేరు చూస్తేనే తేడా తెలిసేది. స్లైడ్‌లో వేరు ఎక్కడుంది?

పురుగుమందుల క్లాసులో బ్రాండ్ పేర్ల కన్నా ఐరాక్ గ్రూపు నంబర్ల మీద దృష్టి పెట్టండి. మందు పురుగు మీద పనిచేసే తీరును బట్టి ఇచ్చే నంబర్లవి. క్లోరాంట్రనిలిప్రోల్, సయాంట్రనిలిప్రోల్ రెండూ 28వ గ్రూపే. ఒకటి కొట్టాక రెండోది కొట్టించి మందు మార్చామనుకుంటే పురుగులో నిరోధకత పెరగడం ఆగదు.

కంపెనీలు పెట్టే క్లాసులకు నేనూ వెళ్తాను, వాటిలోనూ పనికొచ్చే విషయాలుంటాయి. మందు వేయని మడితో పోల్చారా, ఎన్నిచోట్ల, ఎన్ని సీజన్లు చూశారు అని అడగండి. జవాబు దాటేస్తే వాళ్లు చూపించిన గ్రాఫును పక్కన పెట్టేయొచ్చు.

క్లాసు అయిన రోజే సర్టిఫికెట్‌ను తేదీ, అంశం పేరుతో ఫోల్డర్‌లో వేసేయండి. ఆడిట్ వచ్చినప్పుడు పాత మెయిళ్లు తవ్వుకునే పని తప్పుతుంది.