ఆర్‌ఆర్‌ఎస్‌పీ, టీఎఫ్‌ఎస్‌ఏల్లో డబ్బులు వేశాక అసలు ఏం కొనాలి

ఈ ఏడాది ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (కెనడాలో రిటైర్మెంట్ కోసం పొదుపు చేసే అకౌంట్) ఎంత వేశారు అని అడిగితే మనవాళ్లు టక్కున చెప్తారు, మరి అందులో ఏం కొన్నారు అంటే మాత్రం "ఆర్‌ఆర్‌ఎస్‌పీనే కదండీ కొన్నది" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ, టీఎఫ్‌ఎస్‌ఏ (పెరిగినదానికి టాక్స్ లేని పొదుపు అకౌంట్) రెండూ ఉత్త డబ్బాలు. టాక్స్ రూల్స్ డబ్బావి, పెరిగేదీ తరిగేదీ లోపల పెట్టిన సరుకు. నేను కెనడా వచ్చిన కొత్తలో ఒక బ్రాంచిలో టీఎఫ్‌ఎస్‌ఏ ఓపెన్ చేసి నాలుగేళ్లు నెలనెలా అందులో వేస్తూ పోయా, అది ఒక శాతం వడ్డీ కూడా రాని సేవింగ్స్ అకౌంట్ అని ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలీదు. ఆ నాలుగేళ్లు మళ్లీ రావు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

కొనడానికి ముందు రూమ్, అంటే రూల్స్ ప్రకారం ఇంకా ఎంత వేయొచ్చో, చూసుకోండి. టీఎఫ్‌ఎస్‌ఏ 2009లో మొదలైంది, అప్పటికే 18 నిండి అప్పటినుంచి ఇక్కడే ఉన్నవాళ్లకి 2026 దాకా కలిపి 1,09,000 డాలర్ల రూమ్ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడో ఈ నంబర్ చూసి అది తమది కూడా అనుకుని వేసేస్తున్నారు, దయచేసి అలా చేయకండి. మీరు రెసిడెంట్ అయిన ఏడాది నుంచే మీ లెక్క మొదలు. 2023 డిసెంబర్‌లో దిగారనుకోండి, నెల రోజులే ఉన్నా ఆ ఏడాది 6,500 పూర్తిగా వస్తుంది, తర్వాత 2024, 2025, 2026కి ఏడేసి వేలు, మొత్తం 27,500. దానికి మించి వేస్తే మించినదాని మీద నెలకి ఒక శాతం పెనాల్టీ, తీసేదాకా పడుతూనే ఉంటుంది. ఇంకోటి, టీఎఫ్‌ఎస్‌ఏలోంచి తీసిన డబ్బుకి రూమ్ వచ్చే జనవరి 1నే తిరిగొస్తుంది, మార్చిలో 5,000 తీసి జూన్‌లో మళ్లీ వేస్తే, వేరే రూమ్ మిగిలి లేకపోతే, అది ఓవర్ కాంట్రిబ్యూషనే. టాక్స్ శాఖ సీఆర్‌ఏ వాళ్ల మై అకౌంట్‌లో కనిపించే టీఎఫ్‌ఎస్‌ఏ నంబర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు, బ్యాంకులు పోయిన ఏడాది వివరాలు ఫిబ్రవరి చివరిదాకా పంపుతుంటాయి కాబట్టి ఆ నంబర్ వెనకబడి ఉంటుంది. మీ డిపాజిట్లు మీరే ఒక షీట్‌లో రాసుకోండి.

ఆర్‌ఆర్‌ఎస్‌పీ లెక్క వేరు. పోయిన ఏడాది ఇక్కడ సంపాదించినదాంట్లో 18 శాతం, 2026కి గరిష్ఠం 33,810, ఆఫీసులో పెన్షన్ ప్లాన్ ఉంటే ఇంకా తగ్గుతుంది. టాక్స్ రిటర్న్ వేశాక సీఆర్‌ఏ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ మీద ఈ నంబర్ రాసి ఉంటుంది. వచ్చిన మొదటి ఏడాది మామూలుగా సున్నానే, అందుకే ఆ ఏడాది టీఎఫ్‌ఎస్‌ఏ మీదే దృష్టి పెట్టండి.

ఏ డబ్బాలో ముందు వేయాలి అనేది అందరూ అడిగేదే. ఆఫీసులో గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉండి కంపెనీ కూడా వేస్తుంటే ఇంకేం ఆలోచించకుండా ఆ మ్యాచ్ మొత్తం తీసుకోండి, అది మీ జీతమే. ఆ తర్వాత మీ టాక్స్ రేటు చూసుకోవాలి. ఒంటారియోలో ఏడాదికి 1,25,000 వచ్చేవాళ్లు ఆర్‌ఆర్‌ఎస్‌పీలో 5,000 వేస్తే దాదాపు 2,170 తిరిగొస్తుంది, 50,000 వచ్చేవాళ్లు అదే 5,000 వేస్తే వెయ్యి కూడా రాదు. అందుకే జీతం తక్కువున్నప్పుడు టీఎఫ్‌ఎస్‌ఏ నింపుకుని, ఆర్‌ఆర్‌ఎస్‌పీ రూమ్‌ని జీతం పెరిగిన రోజులకి దాచుకోవడం మంచిది, ఆ రూమ్ ఎక్కడికీ పోదు, ఏళ్ల తరబడి క్యారీ అవుతుంది. పిల్లలున్నవాళ్లు మాత్రం ఇంకొంచెం లెక్క వేసుకోవాలి, ఎందుకంటే ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేస్తే నెట్ ఇన్‌కమ్ తగ్గుతుంది, దాన్ని బట్టి చైల్డ్ బెనిఫిట్ పెరుగుతుంది, మధ్యతరగతి ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఆ తేడా బాగానే కనిపిస్తుంది.

రీఫండ్ గురించి ఒక మాట. వెయ్యి డాలర్ల జీతం మీద 30 శాతం టాక్స్ అనుకోండి. టీఎఫ్‌ఎస్‌ఏ అయితే టాక్స్ కట్టాక 700 మిగులుతుంది, అది రెట్టింపైతే 1,400. ఆర్‌ఆర్‌ఎస్‌పీ అయితే వెయ్యి మొత్తం వెళ్తుంది, రెట్టింపై 2,000 అవుతుంది, తీసేటప్పుడు అదే 30 శాతం రేటు ఉంటే చేతికి వచ్చేది మళ్లీ 1,400. అంటే రేటు ఒకటే అయితే రెండూ సమానం, రిటైర్ అయ్యాక రేటు తగ్గితేనే ఆర్‌ఆర్‌ఎస్‌పీ గెలుస్తుంది. ఆ సమానం కూడా రీఫండ్‌ని మళ్లీ పొదుపులో వేస్తేనే. ఏప్రిల్‌లో వచ్చిన రీఫండ్ టూర్‌కో కొత్త ఫోన్‌కో పోయిందంటే మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ప్రభుత్వం వాటా ఇప్పుడే ఖర్చు పెట్టేసినట్టు. మొదటి ఇల్లు కొనాలనుకునేవాళ్లు 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ (మొదటి ఇంటి కోసం పొదుపు అకౌంట్) ముందు చూడండి, ఏడాదికి 8,000, మొత్తం 40,000, వేసేటప్పుడు డిడక్షన్ (వేసినంత ఆదాయంలోంచి తగ్గించి టాక్స్ లెక్కేయడం) ఉంటుంది, ఇంటికి తీస్తే టాక్స్ ఉండదు.

ఇక అసలు సంగతి, లోపల ఏం కొనాలి. దీనికి నేను ఒక్క ప్రశ్నే అడుగుతా, ఈ డబ్బు మీకు ఎప్పుడు కావాలి? రిస్క్ ఎంత తట్టుకోగలరు అని బ్యాంకులో అడిగే ఫారం తర్వాత సంగతి. మూడేళ్లలోపు ఇంటి డౌన్ పేమెంట్‌కి కావాలంటే షేర్ల జోలికి వెళ్లకండి, జీఐసీ (ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది) గానీ హై ఇంట్రెస్ట్ సేవింగ్స్ గానీ చాలు, డబ్బా టీఎఫ్‌ఎస్‌ఏ అయినా ఆర్‌ఆర్‌ఎస్‌పీ అయినా సరే. జీఐసీ తీసుకునేటప్పుడు క్యాషబులా, నాన్ రిడీమబులా అని తప్పకుండా అడగండి, రెండోదైతే గడువు తీరేదాకా మామూలుగా తీయనివ్వరు, ఇల్లు కుదిరిన వారం డబ్బు ఇరుక్కుపోయి అప్పులకి తిరిగినవాళ్లని చూశా. మెంబర్ బ్యాంకుల్లో పెట్టినదానికి సీడీఐసీ (ప్రభుత్వ డిపాజిట్ ఇన్సూరెన్స్ సంస్థ) ఇచ్చే ఇన్సూరెన్స్ ఒక్కో కేటగిరీకి లక్ష డాలర్లు, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఒక కేటగిరీ, టీఎఫ్‌ఎస్‌ఏ ఇంకో కేటగిరీ, కాబట్టి ఒకే బ్యాంకులో రెండింటికీ వేరువేరుగా కవర్ ఉంటుంది. ఈటీఎఫ్‌లకి (షేర్ లాగా మార్కెట్లో కొనే ఫండ్లు), మ్యూచువల్ ఫండ్లకి ఈ కవర్ ఉండదు. మొదటి ఇల్లు కొనడానికైతే హోమ్ బయ్యర్స్ ప్లాన్ కింద ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి 60,000 దాకా తీయొచ్చు, 2024 ఏప్రిల్ ముందు అది 35,000 ఉండేది, కాకపోతే వేసిన డబ్బు తీసే ముందు 90 రోజులు లోపల ఉండాలి, లేకపోతే ఆ డిడక్షన్ పోతుంది.

పదేళ్లు, ఇరవయ్యేళ్లు ముట్టుకోని డబ్బయితే నా సలహా సింపుల్, ఒకే ఒక్క ఆల్ ఇన్ వన్ ఈటీఎఫ్. ఐషేర్స్ వాళ్ల ఎక్స్‌ఈక్యూటీ, వాన్‌గార్డ్ వాళ్ల వీఈక్యూటీ, బీఎమ్‌ఓ వాళ్ల జెడ్‌ఈక్యూటీ, ఏది తీసుకున్నా లోపల కెనడా, అమెరికా, యూరప్, జపాన్, మిగతా దేశాల కంపెనీలు వేలల్లో ఉంటాయి, ఏ దేశం ఎంత ఉండాలో వాళ్లే సర్దుకుంటూ ఉంటారు. ఈ మూడింటిలో ఏది మంచిది అని నెలలు తిప్పలు పడకండి, తేడా చాలా చిన్నది. పూర్తిగా షేర్లంటే భయమైతే ఎక్స్‌జీఆర్‌ఓ, వీజీఆర్‌ఓ ఉన్నాయి, 80 శాతం షేర్లు, 20 బాండ్లు, ఇంకా నెమ్మది కావాలంటే ఎక్స్‌బీఏఎల్, వీబీఏఎల్, 60, 40. మీరెంత తట్టుకోగలరో తెలియాలంటే 2020 గుర్తు తెచ్చుకోండి, ఫిబ్రవరి 20కి, మార్చి 23కి మధ్య కెనడా షేర్ మార్కెట్ ఇండెక్స్ టీఎస్‌ఎక్స్ 37 శాతం పడింది, అంటే లక్ష కాస్తా నెలరోజుల్లో 63,000. ఆ రోజు అమ్మేసి ఉండేవాళ్లు అయితే 80, 20 తీసుకోండి, పర్లేదు, నిద్ర పట్టడం ముఖ్యం. ఏడాది తిరిగేలోపే ఇండెక్స్ పాత స్థాయికి వచ్చేసింది కానీ అమ్మినవాళ్లకి ఆ పెరుగుదల దక్కలేదు. బాండ్లు ఉంటే ఎప్పుడూ సేఫ్ అని కూడా అనుకోవద్దు, 2022లో వడ్డీ రేట్లు పెరిగి షేర్లు, బాండ్లు కలిసే పడ్డాయి.

మనవాళ్లలో చాలామంది కెనడా బ్యాంకు షేర్లు నాలుగు, ఒక పైప్‌లైన్ కంపెనీ, ఒక టెలికాం కొనుక్కుని డివిడెండ్లు వస్తున్నాయి కదా అంటారు. అవి చెడ్డవని నేను అనను. కానీ ప్రపంచ షేర్ మార్కెట్ మొత్తంలో కెనడా వాటా మూడు శాతం చుట్టూనే, అందులోనూ బ్యాంకులు, ఆయిల్, గనులే ఎక్కువ. మీ ఉద్యోగం ఇక్కడే, ఇల్లు ఇక్కడే, పొదుపు కూడా ఇక్కడే అయితే అన్నీ ఒకే చోట పెట్టినట్టవుతుంది. పైగా కెనడా డివిడెండ్ల మీద టాక్స్ తగ్గించే డివిడెండ్ టాక్స్ క్రెడిట్ ఈ డబ్బాల్లోపల పనిచేయదు, అది మామూలు అకౌంట్‌లోనే.

ఫీజు సంగతి మాత్రం కచ్చితంగా చూడండి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బ్రాంచిలో కూర్చోబెట్టి అమ్మే మ్యూచువల్ ఫండ్లలో చాలావాటికి ఎమ్‌ఈఆర్ (ఫండ్ ఏటా తీసుకునే ఫీజు) రెండు శాతం దగ్గర ఉంటుంది, పైన చెప్పిన ఈటీఎఫ్‌లకి 0.2 శాతం చుట్టూ. రెండు శాతమే కదా, అంతేగా అనిపిస్తుంది. ఏడాదికి 7,000 చొప్పున 25 ఏళ్లు వేశారు, ఫీజు తీయకముందు ఆరు శాతం పెరిగింది అనుకోండి, 0.2 శాతం ఫీజుతో చివర్లో సుమారు 3,73,000 ఉంటుంది, రెండు శాతం ఫీజుతో 2,91,500. 80 వేలకి పైగా తేడా, అదీ ఎక్కడా బిల్లులా కనిపించకుండా పోతుంది. ఫండ్ ఫ్యాక్ట్స్ అని చిన్న డాక్యుమెంట్ ఇస్తారు, అందులో ఎమ్‌ఈఆర్ రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు అది చదవండి. తెలిసినవాళ్లు ఇన్సూరెన్స్ చేస్తూ సెగ్రిగేటెడ్ ఫండ్లు (ఇన్సూరెన్స్ కంపెనీల ఫండ్లు) అమ్ముతుంటారు, మొహమాటానికి తీసుకుంటాం, వాటికి గ్యారంటీ ఉంటుంది కానీ ఫీజు ఇంకా ఎక్కువ, ఆ గ్యారంటీ ఎన్నేళ్లకి, ఎంత శాతానికి అనేది రాతలో అడగండి. పాత ఫండ్లలో ముందే తీస్తే ఛార్జ్ పడే రకం ఉండేది, 2022 జూన్ 1 నుంచి కొత్తగా అమ్మడం నిషేధించారు, ముందు కొన్నవాళ్లు మాత్రం ఇంకెన్నాళ్లు మిగిలిందో చూసుకుని బయటికి రండి.

ఏ సరుకు ఏ డబ్బాలో అనే దాంట్లో నిజంగా తెలుసుకోవాల్సింది అమెరికా డివిడెండ్ టాక్స్ ఒకటే. అమెరికా కంపెనీలు ఇచ్చే డివిడెండ్ మీద 15 శాతం అక్కడే పట్టుకుంటారు. అమెరికా షేర్లు గానీ వీటీఐ లాంటి అమెరికా లిస్టింగ్ ఈటీఎఫ్ గానీ నేరుగా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో పెడితే కెనడా, అమెరికా టాక్స్ ఒప్పందం ప్రకారం ఆ 15 శాతం పట్టరు. అదే టీఎఫ్‌ఎస్‌ఏలో పెడితే పడతారు, తిరిగి రాదు. కెనడాలో లిస్ట్ అయిన ఎక్స్‌ఈక్యూటీ లాంటిదైతే ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఉన్నా ఫండ్ స్థాయిలోనే పోతుంది. ఇది చదివి వెంటనే వీటీఐ లాంటిది కొనడానికి కెనడా డాలర్లని అమెరికా డాలర్లుగా మార్చేయకండి. డివిడెండ్ ఏడాదికి 1.3 శాతం అనుకుంటే అందులో 15 శాతం అంటే 0.2 శాతం, పదివేల మీద ఇరవై డాలర్లు. చాలా బ్రోకరేజీలు (షేర్లు కొనే అకౌంట్ ఇచ్చే సంస్థలు) కరెన్సీ మార్చడానికే ఒకటిన్నర శాతం చుట్టూ లాగుతాయి, ఏడేళ్లలో అలా మిగిలేదంతా ఒక్క క్లిక్‌తో పోయినట్టే. డీఎల్‌ఆర్ అనే ఈటీఎఫ్ కెనడా డాలర్లలో కొని అమెరికా డాలర్లలో అమ్మే పద్ధతి ఉంది, నార్బర్ట్స్ గాంబిట్ అంటారు, దాంతో ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ లక్ష దాటేదాకా నేనైతే ఆ తలనొప్పి పెట్టుకోను.

టీఎఫ్‌ఎస్‌ఏలో పెరిగినదానికి టాక్స్ లేదు కదా అని పెన్నీ స్టాకులు, రోజువారీ ట్రేడింగ్ చేసే కుర్రాళ్లకి రెండు విషయాలు. ఒకటి, అక్కడ నష్టం వస్తే డిడక్షన్ లేదు, పోయిన రూమ్ కూడా తిరిగి రాదు, 7,000 కాస్తా 1,000 అయితే ఆ 6,000 రూమ్ పోయినట్టే. రెండు, బాగా లాభం వచ్చినా అది బిజినెస్ అని సీఆర్‌ఏ తేల్చొచ్చు. మొత్తం 15,000 వేస్తే కొన్నేళ్లలో ఆరు లక్షలు దాటిన ఒక అకౌంట్ మీద 2023లో టాక్స్ కోర్టు సీఆర్‌ఏ వైపే తీర్పు ఇచ్చింది, ఆ లాభాల మీద టాక్స్ కట్టాల్సి వచ్చింది.

పాత చోటు నుంచి మారాలంటే డబ్బు విత్‌డ్రా చేసి కొత్త దాంట్లో వేయకండి, ఆర్‌ఆర్‌ఎస్‌పీ అయితే అప్పటికప్పుడు టాక్స్ పట్టుకుంటారు, పోయిన రూమ్ కూడా రాదు, టీఎఫ్‌ఎస్‌ఏ అయితే రూమ్ వచ్చే ఏడాది దాకా రాదు. కొత్త బ్రోకరేజీలో అకౌంట్ తెరిచి ట్రాన్స్‌ఫర్ ఫారం పెడితే వాళ్లే లాక్కుంటారు. పాతవాళ్లు వేసే ట్రాన్స్‌ఫర్ ఫీజుని కొత్తవాళ్లు చాలాసార్లు తిరిగి ఇస్తారు, ముందే అడగండి. వెళ్లాక జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా డబ్బు వచ్చేలా పెట్టుకుని, వచ్చింది వచ్చినట్టు కొనేయండి. కొనేటప్పుడు మార్కెట్ ఆర్డర్ (ఆ క్షణం ఎంత ధర ఉంటే అంతకి కొనేయడం) కాకుండా లిమిట్ ఆర్డర్ (ఇంతకి మించి కొనొద్దు అని చెప్పడం) పెట్టండి, ఉదయం మార్కెట్ తెరిచిన మొదటి పదిహేను నిమిషాలు వదిలేయండి. కొన్నాక అకౌంట్ తెరిచి, క్యాష్ అని ఉన్న చోట ఎంత మిగిలిందో ఒకసారి చూడండి, వేలకి వేలు అక్కడే నిద్రపోతున్న అకౌంట్లు నేను ఎన్నో చూశా.

అకౌంట్ ఫారంలో ఒక గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. టీఎఫ్‌ఎస్‌ఏకి భార్య లేదా భర్త పేరు బెనిఫిషియరీగా కాకుండా సక్సెసర్ హోల్డర్‌గా రాయించండి, అప్పుడు మీకేమైనా అయితే అకౌంట్ అకౌంట్‌లాగే వాళ్ల పేరు మీదికి వెళ్తుంది, వాళ్ల రూమ్ తగ్గదు. క్యూబెక్‌లో ఇది ఫారం మీద కుదరదు, అక్కడ విల్లు రాసుకోవాలి. ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఈ ఆదివారమే లాగిన్ అయి ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.