సొంత సీఎన్‌సీ, 5వ పాఠం: స్టెప్పరా, సర్వోనా?

కంప్యూటర్ ఆదేశాలతో కోసే యంత్రాన్ని (సీఎన్‌సీ) సొంతంగా కట్టుకుంటున్నాం. గత పాఠంలో బాల్‌స్క్రూ (తిరిగితే అక్షాన్ని జరిపే మరకడ్డీ), గైడ్‌రైళ్లు బిగించాం. చేత్తో తిప్పితే అక్షం ఎక్కడా పట్టేయకుండా కదులుతోంది. ఇక దాన్ని తిప్పే మోటారు కావాలి. కంట్రోలర్ పంపే ఒక్కో పల్సుకు (విద్యుత్ సంకేతానికి) ఒక్కో మెట్టు చొప్పున తిరిగేది స్టెప్పర్. వెనకున్న ఎన్‌కోడర్‌తో (షాఫ్టు ఎంత తిరిగిందో చెప్పే పరికరంతో) తన స్థానం చూసుకుంటూ సరిదిద్దుకునేది సర్వో. చాలామంది ఇక్కడ లేబుల్ మీదున్న ఒక్క అంకె చూసి కొనేస్తారు. స్టెప్పర్ మీద 1.9 న్యూటన్ మీటర్లని ఉంటుంది, 400 వాట్ల సర్వో మీద 1.27 అని ఉంటుంది. అయితే స్టెప్పరే బలమైనదా? కాదు. ఆ రెండు అంకెలూ ఒకే సంగతి చెప్పడం లేదు.

టార్క్ అంటే తిప్పే బలం. స్టెప్పర్ మీద రాసేది హోల్డింగ్ టార్క్. మోటారు ఆగి ఉండగా, వైండింగుల్లో పూర్తి కరెంటు పారుతుండగా, షాఫ్టును బలవంతంగా కదపాలంటే ఎంత టార్క్ కావాలో అది చెబుతుంది. తిరగడం మొదలైతే ఆ బలం ఉండదు. సర్వో అంకె రేటెడ్ టార్క్: 3000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దాకా ఎంతసేపైనా ఇవ్వగలిగేది. వేగం పుంజుకునే ఆ కొద్ది క్షణాల్లో మామూలుగా దానికి దాదాపు మూడు రెట్లు కూడా ఇస్తుంది. వేగం సంగతొచ్చేసరికి స్టెప్పర్ లేబుల్‌ది పేరు గొప్ప, ఊరు దిబ్బ వ్యవహారమే. అందుకే మోటారు కొనేముందు టార్క్-వేగం గ్రాఫ్ అడగండి. గ్రాఫ్ లేని మోటారును వదిలేయడం మేలు.

స్టెప్పర్ టార్క్ ఎందుకు పడిపోతుంది? ప్రతి స్టెప్పుకీ వైండింగులో కరెంటు కొత్తగా పెరగాలి. ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును ఎదిరించే వైండింగు గుణం, దాన్ని అడ్డుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ కరెంటు పెరిగే వ్యవధి దొరకదు, పైగా తిరిగే రోటర్ పుట్టించే ఎదురు వోల్టేజీ ఒకటి. దీనికి మందు సప్లై వోల్టేజీ పెంచడమే. వాడుకలో ఉన్న లెక్క ఇది: ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే గరిష్ఠ వోల్టేజీ వస్తుంది. 2.5 మిల్లీహెన్రీలకు దాదాపు 50 వోల్టులు, 4కు 64. అంతకు మించితే మోటారు అనవసరంగా వేడెక్కుతుంది. మీ డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే పరికరం) పరిమితి అంతకంటే తక్కువైతే డ్రైవర్ మాటే చెల్లుతుంది. 4 మిల్లీహెన్రీల మోటారును 24 వోల్టులతో నడిపి "మోటారులో దమ్ము లేదు" అనేవాళ్లు చాలామంది, తప్పు సప్లైది. మోటారు వివరాల్లో 3.2 వోల్టులని కనిపిస్తే కంగారు పడకండి. అది వైండింగు నిరోధాన్ని కరెంటుతో గుణించగా వచ్చిన అంకె, సప్లై వోల్టేజీ కాదు. కరెంటును హద్దులో ఉంచే పని డ్రైవర్ చూసుకుంటుంది.

నెమా 23 అంటే మోటారు ముఖం కొలత మాత్రమే: పేరుకు 2.3 అంగుళాలు, కొలిస్తే సుమారు 57 మి.మీ. దాంట్లోనే పొట్టివీ పొడుగువీ ఉంటాయి. పొడుగు మోటారుకు హోల్డింగ్ టార్క్ ఎక్కువ, కానీ రోటర్ జడత్వం కూడా ఎక్కువే, చాలాసార్లు ఇండక్టెన్స్ కూడా. కాబట్టి 1000 ఆర్పీఎం దగ్గర 3 న్యూటన్ మీటర్ల మోటారు 1.9 దానికంటే వెనకబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక లెక్క. ఒక చిన్న రౌటర్ (చెక్క లాంటివి కోసే సీఎన్‌సీ) ఎక్స్ అక్షం తీసుకుందాం. స్క్రూ వ్యాసం 16 మి.మీ., పొడవు 600 మి.మీ., లీడ్ (స్క్రూ ఒక చుట్టు తిరిగితే అక్షం జరిగే దూరం) 5 మి.మీ. కదిలే భాగం (గాంట్రీ) బరువు 12 కిలోలు, ఘర్షణ 20 న్యూటన్లు, కోత బలం 100 న్యూటన్లు, త్వరణం సెకనుకు సెకనుకు 0.5 మీటర్లు. కోత వేగం నిమిషానికి 1.5 మీటర్లు, అంటే 300 ఆర్పీఎం. ఖాళీగా పరుగెత్తేటప్పుడు 5 మీటర్లు, అంటే 1000 ఆర్పీఎం.

టార్క్ = బలం × లీడ్ (మీటర్లలో) ÷ (6.28 × 0.9)

ఇందులో 0.9 బాల్‌స్క్రూ సామర్థ్యం. కోత, ఘర్షణ కలిపి 120 న్యూటన్లకు 0.106 న్యూటన్ మీటర్లు. 12 కిలోలను వేగం పట్టించడానికి కావలసింది 6 న్యూటన్లే, అంటే 0.005. ఇక్కడే చాలామంది లెక్క ముగిస్తారు, అసలు భారం మిగిలే ఉంటుంది. స్క్రూను, రోటర్‌ను కూడా తిప్పి వేగం పట్టించాలి. ఈ స్క్రూ జడత్వం సుమారు 300 గ్రాము-చదరపు సెంటీమీటర్లు, ఓ మాదిరి నెమా 23 రోటర్‌ది 480. రెంటికీ కలిపి 0.049 కావాలి. 12 కిలోల గాంట్రీకి పట్టేదానికి ఇది తొమ్మిది పది రెట్లు! గాంట్రీని తేలిక చేయడానికి తంటాలు పడేవాళ్లు ముందు ఈ అంకె చూసుకోవాలి.

మొత్తం: 300 ఆర్పీఎం దగ్గర 0.16, 1000 దగ్గర కోత ఉండదు గనక 0.072. స్టెప్పర్‌కు రెట్టింపు జాగా వదలాలి, కాబట్టి 0.32, 0.144. సరైన వోల్టేజీతో నడిచే 1.9 న్యూటన్ మీటర్ల నెమా 23 గ్రాఫ్ మీద ఈ రెండు బిందువులూ గీత కిందే పడాలి. పడితే, ఈ యంత్రానికి సర్వో కొనడం దండగ.

ఇప్పుడు అంకెలు మార్చండి. లీడ్ 10 మి.మీ., గాంట్రీ 30 కిలోలు, త్వరణం 3, వేగం నిమిషానికి 15 మీటర్లు, ఘర్షణ 30 న్యూటన్లు. 1500 ఆర్పీఎం దగ్గర 0.36 కావాలి, రెట్టింపు చేస్తే 0.72. నెమా 23 గ్రాఫుల్లో అక్కడ అంత దొరకడం కష్టం. 400 వాట్ల సర్వోకు ఇది నల్లేరు మీద నడక.

ఖచ్చితత్వం కోసం సర్వో కావాలనే మాట తరచూ వినపడుతుంది. ఫ్రేమ్ వంగుతుంటే, నట్‌లో బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు కనిపించే వదులు) ఉంటే ఏ మోటారూ దాన్ని సరిచేయలేదు. మోటారు వెనకున్న ఎన్‌కోడర్‌కు కనిపించేది షాఫ్టే, టూల్ మొన కాదు. సర్వోతో వచ్చే లాభాలు వేరు: పెద్ద వేగాల్లో బలం, తప్పు జరిగితే అలారం. మామూలు స్టెప్పర్‌కు స్టెప్పులు పోయినా కంట్రోలర్‌కు తెలియదు. మిగతా పని అంతా పక్కకు జరిగి సాగిపోతుంది. మైక్రోస్టెప్పింగ్ (ఒక్కో స్టెప్పును చిన్న ముక్కలుగా విడగొట్టడం) మీద కూడా ఆశలు వద్దు: 16 మైక్రోస్టెప్పులు పెడితే ఒక్కో మైక్రోస్టెప్ వెనకున్న బలం హోల్డింగ్ టార్క్‌లో పదో వంతే. చలనం నునుపవుతుంది, అంతే.

మధ్యేమార్గం క్లోజ్డ్‌లూప్ స్టెప్పర్. వెనక ఎన్‌కోడర్ ఉంటుంది, ట్యూనింగ్ (మోటారు స్పందనను సర్దడం) తలనొప్పి తక్కువ, తప్పితే అలారం ఇస్తుంది. కానీ టార్క్ గ్రాఫ్ స్టెప్పర్‌దే. 1500 ఆర్పీఎం దగ్గర అద్భుతాలు జరగవు. ఆ అలారం తీగను కంట్రోలర్‌కు కలపకపోతే పెట్టిన డబ్బులో సగం వృథా.

సర్వో ఎంచుకుంటే ముందే చూసుకోవాల్సినవి కొన్ని. ఒక చుట్టుకు 10,000 పల్సులు పెట్టి 3000 ఆర్పీఎం అడిగితే సెకనుకు 5 లక్షల పల్సులు కావాలి. ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద నడిచే కంట్రోలర్ ప్రోగ్రాం జీఆర్‌బీఎల్ దాదాపు 30 వేల దగ్గరే ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ గేర్‌తో (చుట్టుకు ఎన్ని పల్సులో నిర్ణయించే డ్రైవర్ సెట్టింగుతో) చుట్టుకు 1000 పల్సులకు తగ్గిస్తే 1500 ఆర్పీఎంకు 25 వేలు సరిపోతాయి గానీ 10 మి.మీ. లీడ్ మీద ఒక్కో పల్సు 10 మైక్రాన్లవుతుంది. అది చాలకపోతే కంట్రోలర్ మార్చాలి. బరువైన అక్షం గట్టిగా బ్రేకు వేస్తే శక్తి డ్రైవర్‌లోకి తిరిగొచ్చి వోల్టేజీ పెంచుతుంది. ఓవర్‌వోల్టేజీ అలారం వస్తుంటే బ్రేకింగ్ రెసిస్టర్ తగిలించండి. జెడ్ అక్షానికి (పైకీ కిందికీ కదిలేదానికి) బ్రేకున్న మోటారే తీసుకోండి. కరెంటు పోయిన క్షణం బాల్‌స్క్రూ బరువును నిలపదు, స్పిండిల్ (టూల్‌ను తిప్పే భాగం) జారి కోస్తున్న వస్తువు మీద పడుతుంది.

రెంటికీ వర్తించే హెచ్చరిక ఒకటి: డ్రైవర్‌కు కరెంటు ఉండగా మోటారు తీగ పీకకండి, డ్రైవర్ కాలిపోవచ్చు.

అభ్యాసం: మోటారు, స్క్రూ విడదీసి గాంట్రీకి స్ప్రింగు త్రాసు తగిలించి నెమ్మదిగా లాగండి. కదులుతూ ఉన్నప్పుడు చూపే కిలోలను 9.8తో గుణిస్తే రైళ్ల ఘర్షణ న్యూటన్లలో వస్తుంది. నట్ ఘర్షణకు దానిమీద కొంత కలపండి. కదిలే భాగాన్ని తూచండి, స్క్రూ లీడ్ కొలవండి, మీకు కావలసిన రెండు వేగాలు రాసుకోండి. పై లెక్కలో ఆ అంకెలు వేసి రెండు బిందువులు తేల్చుకోండి. వచ్చే పాఠంలో డ్రైవర్ వైరింగు, కరెంటు సెట్టింగు చేసేటప్పుడు ఆ అంకెలతోనే పని.