ఆంప్ లేకుండా ఫోన్‌కే సరిపోయే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఎంచుకోవడం ఎలా

రాయగడ నుంచి విజయనగరం వైపు పాసింజర్‌లో కిటికీ పక్క సీట్లో కూర్చుని పాటలు వినేవాళ్లెవరూ ఆంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) మోసుకుని తిరగరు. ఫోన్‌కో, దాని యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన చిన్న డాంగిల్‌కో (హెడ్‌ఫోన్ పిన్ను పట్టే ముక్క) పిన్ను గుచ్చితే చాలు, బయటి రొద తగ్గి పాట నిండుగా వినపడాలి. అలాంటి వైరున్న క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక వైపు మూసి ఉండే) హెడ్‌ఫోన్ కొనడానికి వెళ్లినవాళ్లు డబ్బా తిప్పి ముందు చూసేది ఓమ్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు ఎంతన్నది. 32 ఉంటే ఫోన్‌కి పనికొస్తుంది, 60 దాటితే ఆంప్ కావాల్సిందే అని తేల్చేస్తారు. ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

ఓమ్స్ పక్కనే సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది. అసలు సంగతి ఈ రెంటినీ కలిపి చదవడంలోనే ఉంది. తంటా ఏమిటంటే సెన్సిటివిటీని కంపెనీలు రెండు రకాలుగా రాస్తాయి. ఒకటి, ఒక మిల్లీవాట్ పవర్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ (శబ్దం గట్టిదనం కొలత) అని. రెండోది, ఒక వోల్ట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ అని. ఫోన్ ఇచ్చేది వోల్టేజీ కాబట్టి మనకు పనికొచ్చేది రెండో లెక్క. మిల్లీవాట్ లెక్కలో రాసి ఉంటే వోల్ట్ లెక్కలోకి మార్చుకోవడం కష్టమేమీ కాదు: 16 ఓమ్స్‌కి 18 కలపండి, 32కి 15, 64కి 12, 80కి 11, 250కి 6. మధ్యలో అంకెలకు అందాజుగా సర్దుకోవచ్చు.

కొన్ని తెలిసిన మోడళ్లతో వేసి చూద్దాం. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్స్, మిల్లీవాట్‌కి 99 డెసిబెల్స్. 14 కలిపితే వోల్ట్‌కి 113. సోనీ ఎండీఆర్ 7506 ఏమో 63 ఓమ్స్, మిల్లీవాట్‌కి 106. 12 కలిపితే 118. అంటే ఓమ్స్ ఎక్కువున్న సోనీయే అదే ఫోన్‌కి 5 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మూడు రకాల్లో దొరుకుతుంది: 32, 80, 250 ఓమ్స్. మూడింటికీ మిల్లీవాట్‌కి 96 అనుకుంటే వోల్ట్‌కి 111, 107, 102 వస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పేరూ ఒకటే. ఆన్‌లైన్‌లో తక్కువ ధర కనపడిందని 250 రకం తెప్పించుకుంటే ఫోన్ వాల్యూమ్ చివరిదాకా లాగినా నీరసంగానే పాడుతుంది. ఆర్డర్ పెట్టేముందు ఓమ్స్ ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సింది ఇలాంటి మోడళ్లలోనే.

ఎంత ఉంటే చాలు? ఫోన్ జాక్‌లూ చిన్న డాంగిళ్లూ ఎక్కువగా అర వోల్ట్‌కీ ఒక వోల్ట్‌కీ మధ్యలో ఇస్తాయి. అర వోల్టే వస్తే పై అంకెల్లోంచి 6 తీసేయాలి. వోల్ట్‌కి 110 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. 105కీ 110కీ మధ్య అయితే కొత్త సినిమా పాటలకు ఇబ్బంది లేదు, పాత పాటలకు అనుమానమే. ఎందుకంటే ఇప్పటి పాటల్ని మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చేసే చివరి సర్దుబాటులో) బాగా గట్టిగా నొక్కి పెడతారు. 1960ల పాటలు, కర్ణాటక కచేరీ రికార్డింగులు చాలావరకు మెత్తగా ఉంటాయి, వాటిని అదే గట్టిదనంతో వినాలంటే వాల్యూమ్ బాగా పెంచాలి. కాబట్టి షాపులో పరీక్ష పెట్టేది డీజే పాటతో కాదు, వీణ కచేరీతోనో పాత మెలొడీతోనో.

డబ్బా మీద యూనిట్ లేకుండా ఉత్త 110 డీబీ అని ఉంటే ఆ అంకెను పక్కన పెట్టేయండి, అది ఏ లెక్కో తేలదు. డ్రైవర్ (కప్పు లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) 50 మిల్లీమీటర్లు, 40 మిల్లీమీటర్లు అని పెద్దక్షరాల్లో అచ్చేసినా దాన్నిబట్టి గట్టిగా మోగుతుందనీ చెప్పలేం, బాగా మోగుతుందనీ చెప్పలేం.

ఇక డాంగిల్. మీ ఫోన్‌కి జాక్ ఉంటే ఈ పేరా వదిలేయండి. యూఎస్‌బీ-సి డాంగిళ్లు రెండు రకాలు. ఒకదాంట్లో డాక్ (డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే) చిప్ ఉంటుంది, రెండోదాంట్లో ఉత్త వైర్లే. ఈ రెండో రకం పనిచేయాలంటే ఫోనే ఆ పోర్టులోంచి అనలాగ్ ఆడియో పంపాలి. చాలా ఫోన్లు పంపవు. అప్పుడు పిన్ను గుచ్చినా పాట స్పీకర్‌లోంచే వస్తుంది. బరంపురం బజార్లో మొబైల్ యాక్సెసరీల కొట్లలో రెండు రకాలూ ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి. డాక్ ఉన్నదే ఇమ్మని అడిగి, అక్కడే మీ ఫోన్‌కి పెట్టి విని తీసుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (పోర్టుకు తగిలించిన పరికరాలను ఫోన్ వాడుకునే సదుపాయం) ఆన్ చేస్తే తప్ప డాంగిల్‌ను గుర్తించవు. కాసేపు వాడకపోతే అది తనంతట తనే ఆఫ్ అయిపోతుంది కూడా, డాంగిల్ పాడైందనుకుని పారేయకండి. ఆపిల్ వాళ్ల చిన్న డాంగిల్ మంచిదే, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దానికి పూర్తి వాల్యూమ్ రాదు. పైగా ఐరోపాకు అమ్మే రకం దాదాపు సగం వోల్టేజీకే ఆగిపోతుంది.

అంకెలు సరిపోయాక మిగిలింది చెవి. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ మొత్తం ప్యాడ్ చెవి చుట్టూ ఎంత గట్టిగా మూసుకుంటుందన్న దాని మీదే నిలబడుతుంది. కళ్లజోడు కాడ కింద సన్నటి సందు ఉన్నా చాలు, మృదంగం తొప్పి (అడుగు శబ్దం పలికే పెద్ద ముఖం) వైపు దెబ్బ చప్పబడిపోతుంది. బుట్టలు పెట్టుకునేవాళ్లకు ఆన్ ఇయర్ రకాలు పనికిరావు, దుద్దు వెనక శీల మెడలోకి గుచ్చుకుంటుంది. చెవి మొత్తం లోపల పట్టే ఓవర్ ఇయర్ తీసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 లాంటివి ఆన్ ఇయర్‌లో పేరున్నవే. 70 ఓమ్స్ అయినా ఫోన్‌కి హాయిగా మోగుతుంది, తేలికగానూ ఉంటుంది, కానీ చెవుల మీద పట్టు గట్టిది.

పరీక్ష ఇలా చేయండి. ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ లాంటివన్నీ ఆఫ్ చేయండి. రోజూ పెట్టుకునే కళ్లజోడు, కమ్మలు తీయకుండానే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బేస్ ఉన్న పాట మొదలుపెట్టి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే మామూలుగా అది లీకవుతున్నట్టే, మీ తలకు ఆ మోడల్ కుదరలేదు. పెద్దగా తేడా లేకపోతే సీల్ బాగుంది. తర్వాత టోన్ జనరేటర్ యాప్‌తో చిన్న వాల్యూమ్‌లో 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుకుంటూ పోండి. ఒకవైపు మాత్రమే బుర్రుమని అదిరితే డ్రైవర్ మీద వెంట్రుక పడి ఉంటుంది, లేదా లోపల ఏదో వదులైంది. వెంట్రుక అయితే ప్యాడ్ విప్పి తీసేయొచ్చు. కనీసం పావుగంట పెట్టుకునే ఉండండి, చెవి తమ్మె లోపలి గుడ్డకు తగిలి నొప్పి పెట్టేది అప్పటికి తెలుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పాత పాటకు ఫోన్ వాల్యూమ్ సగం దాటి కొంచెం పోతే చాలినట్టుండాలి. అక్కడే 85 శాతం కావాల్సొస్తే బస్సులో పెంచుకోవడానికి ఇంక చోటుండదు.

బస్సు అనగానే ఒక మాట. కప్పులు మూసి ఉన్నంత మాత్రాన అన్ని రొదలూ ఆగవు. మాటలు, హారన్లు, గాలి హోరు బాగా తగ్గుతాయి. ఇంజన్ గురక లాంటి అడుగు శబ్దాన్ని మాత్రం ప్యాడ్లు పెద్దగా ఆపలేవు, దానికి నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవే దిక్కు. వాటిని బ్యాటరీ అయిపోయాక వైరు పెట్టి వాడదామనుకుంటే, ఆఫ్‌లో వినపడే తీరు కొన్నింటిలో పూర్తిగా మారిపోతుంది. కొనేముందు ఆఫ్ చేసి వైరుతో కూడా వినండి. కొత్తవలస-కిరండూల్ లైన్‌లో 58 సొరంగాలు, తెరిచిన కిటికీలతో లోపలికి వెళ్లినప్పుడల్లా రొద అమాంతం పెరుగుతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచి బయటికొచ్చాక తగ్గించడం మరిచిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్‌తో 40 గంటలు, 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. సొరంగంలో పాట ఆపేసుకోవడమే మేలు.

వైరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రయాణాల్లో మొదట తెగేది అదే. ఊడదీసి మార్చుకునే వైరు ఉండాలి, పొడవు 1.2 మీటర్లు చాలు. పైన చెప్పిన సోనీ 7506కి ఊడని మెలికల వైరు ఉంటుంది, దాని బరువుకే ఫోన్ జేబులోంచి జారుతుంది. స్టూడియో టేబుల్ మీద అది వరమే, సీటు కిక్కిరిసిన బస్సులో కాదు. డీటీ 770లో 80 ఓమ్స్ రకానికి 3 మీటర్లు, అదీ ఊడదు. ఎం50ఎక్స్ మడత పడుతుంది, 1.2 మీటర్ల వైరు డబ్బాలోనే ఇస్తారు. అయితే కప్పు దగ్గర పిన్ను 2.5 మిల్లీమీటర్లది, తిప్పి బిగించే రకం. సందులో కొట్లో ఆ వైరు దొరకదు, స్పేర్ ముందే తెప్పించుకోవాలి. కప్పు వైపు కూడా మామూలు 3.5 పిన్ను ఉన్న మోడల్ దొరికితే ఏ ఊళ్లో తెగినా దిగులుండదు, సాకెట్ గొంతు మరీ ఇరుకు కాకపోతే చాలు.

కొన్నాక గొంతు మాయమై వాద్యాలు మాత్రం డొల్లగా వినిపిస్తే హెడ్‌ఫోన్‌ను తిట్టకండి. పిన్ను పూర్తిగా దిగక గ్రౌండ్ (రెండు వైపులకూ ఉమ్మడిగా ఉండే తీగ) తగలడం లేదు. అప్పుడు రెండు చానెళ్లలోనూ సమానంగా ఉండే గొంతు కొట్టుకుపోతుంది. జాక్‌లో దుమ్ముంటే ఫోన్ ఆఫ్ చేసి చెక్క పుల్లతో మెల్లగా తీయండి, గుండుసూది పెట్టొద్దు. ఒకవైపే ఆగుతూ వస్తుంటే వైరును పిన్ను మొదట్లో కదిపి చూడండి. అక్కడే పలికితే వైరు పోయినట్టు, వేరే వైరుతోనూ అదే జరిగితే కప్పులో సాకెట్ సోల్డరింగ్ వదిలినట్టు.

బరంపురం, గోపాల్‌పూర్ లాంటి తీరపు ఊళ్ల ఉక్కకు ప్యాడ్ల పైనున్న రెక్సిన్ తోలు పొరలు పొరలుగా లేస్తుంది. కొరాపుట్, జయపురం వైపు కొంచెం నెమ్మది. మార్చుకునే ప్యాడ్లు దొరికే మోడలే కొనండి. మఖమల్ ప్యాడ్లు చల్లగా ఉంటాయని మారిస్తే సీల్ సడలి బేస్ తగ్గుతుంది, బయటి రొద లోపలికొస్తుంది. విన్నాక పొడి గుడ్డతో చెమట తుడిచి, ఆరాకే సిలికా జెల్ పొట్లంతో పాటు సంచిలో పెట్టండి.